ఎడమచేతి పట్టు

మా తమ్ముడు రమణయ్య ఎడమచెయ్యి నా వల్ల పోయింది. ఈ మాట సూటిగా రాయడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది గనక ముందే రాసేస్తున్నాను. లేకపోతే నా సంగతి నాకు తెలుసు. మధ్యలో ఎక్కడో ఒక సందు చూసుకుని జారుకుంటాను.

అరవై ఒకటో సంవత్సరం ఎండాకాలం అది. మైపాడుకు ఉత్తరాన, సముద్రానికీ సరుగుడు తోపుకూ మధ్య మా పాలెం. నాయన పోయాక నేనూ తమ్ముడూ ఒకే తెప్ప మీద వేటకు పోయేవాళ్లం. నాకు ఇరవై ఆరు, వాడికి ఇరవై రెండు. పొద్దు నడినెత్తికి వచ్చేలోగా తిరిగొచ్చి, చేపలు అమ్మకు అప్పజెప్పి, ఇంత గంజి తాగి, కాసేపు నడుం వాల్చి, ఎండ తగ్గాక తాలింఖానాకు పోయేవాళ్లం.

తాలింఖానా అంటే ఏదో పెద్దగా ఊహించుకోవద్దు. తోపు పక్కన ఒక తాటాకు పందిరి, కింద ఇసుక, ఒక ఆంజనేయస్వామి పటం. గోడలు లేవు గనక స్వామిని గుంజకు కట్టేశాం. అక్కడ మా పెద్దల కాలం నుంచీ కర్రసాము నేర్పేవాళ్లు. రెండేళ్లుగా మాత్రం మా మామ చిన్నపోలయ్య వేరే విద్య నేర్పుతున్నాడు.

మామ మా అమ్మ అంకాలమ్మకు తమ్ముడు. పటాలంలో చేరి, యుద్ధం అయిపోయాక జపానులో ఏడాదిన్నర ఉండి వచ్చినవాడు. అక్కడ గొడుగులు బాగుచేసే ఒక ముసలాయన దగ్గర కత్తి తీసే విద్య నేర్చుకున్నాడు. అప్పటికే తెల్లవాళ్లు ఇల్లిల్లూ వెతికి కత్తులు లాక్కుపోయారు గనక ఆ ముసలాయన తలుపులేసుకుని కర్రతో నేర్పాడట. దాని పేరు ఇయాయి అని మామ చెప్పేవాడు. పాలెంలో అందరికీ అది జపాను సాము.

అందులో ఎదుట మనిషి ఉండడు. మోకాళ్ల మీద కూచోవాలి. నడుముకు ఎడంపక్క ఒర, ఒరలో కత్తి. మా కత్తులు సరుగుడు కర్రతో చెక్కినవి. ఎడమచెయ్యి ఒర మూతి దగ్గర ఉంటుంది, కుడిచెయ్యి పిడి మీద. లేస్తూ ఒక్క ఊపులో కత్తి బయటికి రావాలి, ఆ వచ్చిన ఊపే వేటు కావాలి. తర్వాత దాన్ని మళ్లీ ఒరలో పెట్టాలి, ఒర వైపు చూడకుండా. విద్యంతా అంతే. రోజుకు వందసార్లు అదే పని.

"మోకాళ్ల మీద కూచునేది నేర్చుకోను జపాను దాకా పోవాల్నంటరా పోలయ్యా? ఆ పని కామమ్మ నీ చేత రోజూ చేయిస్తా ఉండాది గదా," అనేది మా అమ్మ. కామమ్మ అంటే మా అత్త, మామ భార్య. వాళ్లకు పిల్లల్లేరు. మామకు మేమే పిల్లలం, అందులోనూ రమణయ్య.

ఏడుగురం నేర్చుకునేవాళ్లం. రమణయ్యదే చురుకు. వాడు కత్తి తీస్తే చూసేవాడికి కుడిచెయ్యి కదిలినట్టు కూడా తెలిసేది కాదు. కానీ మామ వాడి కుడిచెయ్యి ఎప్పుడూ చూడలేదు. ఎడమచెయ్యే చూసేవాడు.

"బిగిస్తా ఉండావు."

"లేదు మామా."

"లేదంటావేంది. నీ మెడ నరం చెప్తా ఉండాది. ఒరను పట్టుకుంటారా ఎవురన్నా? ఊరికే తాకి వెనక్కి జరపాల. కుడిచెయ్యి ముందుకు పోతా ఉంటే ఎడమచెయ్యి వెనక్కి రావాల. నువ్వు వలతాడు పట్టుకున్నట్టు పట్టుకుంటా ఉండావు."

అది మా అందరి జబ్బు. తెప్ప మీద ఎడమచేతిలో తాడు, కుడిచేతిలో పని. చిన్నప్పటి నుంచీ నాయన మా ఇద్దరికీ నేర్పింది ఒక్కటే, కుడిచెయ్యి ఏం చేసినా ఎడమచెయ్యి తాడును వదలకూడదని. కుడిచెయ్యి ఎంత గట్టిగా లాగితే ఎడమచెయ్యి అంత గట్టిగా బిగుసుకునేది. మాకు తెలిసి చేసేది కాదది.

ఆ జబ్బుకు మామ ఒక మందు కనిపెట్టాడు. ఒకరోజు అత్త గంప కింద మూసిపెట్టిన కోడిపిల్లను తెచ్చి రమణయ్య ఎడమచేతిలో పెట్టాడు. ఒరను నడుముకు కట్టేసి, దాన్ని పట్టుకోవాల్సిన చేత్తో కోడిపిల్లను పట్టుకుని, కుడిచేత్తో కత్తి తియ్యమన్నాడు. కత్తి బయటికి వచ్చిన క్షణమే కోడిపిల్ల కెవ్వున అరిచింది. మళ్లీ తీశాడు, మళ్లీ అరిచింది. ఏడోసారికి మా అత్త పరిగెత్తుకుంటూ వచ్చింది.

"నా కోడిపిల్లల్ని చంపేదానికా పటాలంలో చేరింది? ఇచ్చేయి అబ్బయ్యా దాన్ని," అని రమణయ్య ముందు చెయ్యి చాపింది.

"కామమ్మా, ఇది అరవకుండా ఉన్న రోజు వీడి చేతికి ఇనుము ఇస్తా. అందాకా నీ కోడిపిల్లలు నాకు కావాల," అన్నాడు మామ.

నాకూ ఒకటి ఇచ్చాడు. నా చేతిలో అది అరవలేదు. నేను సంబరంగా మామ వైపు చూస్తే, "నువ్వు కత్తి తీసేలోగా అది నిద్రపొయ్యుంటాది మాల్యాద్రీ," అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కానీ ఆ మాట నాకు చాలా రోజులు గుచ్చుకుంటూనే ఉంది. రెండేళ్లలో మామ నన్ను ఒక్కసారి బాగుందనలేదు. నా పని పందిరి కట్టించడం, ఇసుక మార్పించడం, కుర్రాళ్లను పోగెయ్యడం. తాలింఖానాకు నేను మేనేజరునని నాకు నేనే పేరు పెట్టుకున్నాను.

వైశాఖంలో గంగమ్మ తిరునాళ్లు. చుట్టుపక్కల అయిదు పాలేలకూ ఒకటే అమ్మవారు. ఆ రోజు సాయంత్రం తాలింఖానాలన్నీ తమ విద్యలు చూపిస్తాయి. ఏ పాలెం బాగా చేసిందని కాపులు అంటే ఆ పాలెం వాళ్లు పల్లకీ ముందు కొమ్ము భుజానికెత్తుకుని అమ్మవారిని సముద్రంలోకి దింపుతారు. కాపులంటే మా పాలేలలో తీర్పు చెప్పే పెద్దలు. నాలుగేళ్లుగా ముందు కొమ్ము పక్క పాలెం వాళ్లదే. వాళ్లలో ఒకడు కళ్లకు గంతలు కట్టుకుని, పడుకున్న మనిషి పొట్ట మీద దోసకాయ పెట్టి నరికేవాడు. కిందటేడు పల్లకీ ఎత్తుకుంటూ వాళ్లు మాతో అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తే. "మీరు మోకాళ్ల మీద కూచోండబ్బా, అమ్మను మేం మోస్తాం."

తిరునాళ్లకు ఇంక ఇరవై రోజులుందనగా మా పెద్దకాపు మామ దగ్గరికి వచ్చాడు.

"పోలయ్యా, ఈసారి నీ జపాను సాము చూపించాల. రమణయ్య చేత తీయించు. పక్కపాలెం వాళ్ల నోరు మూయించు."

"ఇది జనానికి చూపించేది కాదు పెద్దకాపా," అన్నాడు మామ.

"మరి దేనికి నేర్పతా ఉండావయ్యా?"

మామ చేతిలోని కర్రకత్తిని ఒరలో పెట్టాడు. "ఒరలో పెట్టేటప్పుడు మనసు నెమ్మదిగా ఉంటాది. అంతే. అంతకుమించి నాకూ తెలీదు."

పెద్దకాపు నవ్వాలో కోప్పడాలో తెలియక తలపాగా సర్దుకుని వెళ్లిపోయాడు. నాకు మాత్రం ఒళ్లు మండింది. జనం చేత నోళ్లు తెరిపించే విద్య ఇంట్లో ఉండి, దాన్ని తోపు చాటున దాచిపెట్టడం నాకు అర్థం కాలేదు. మరునాడే ఒక పాత లారీ కమాను పట్టీ సంపాదించి విడవలూరులో కమ్మరి దగ్గరికి పోయాను.

"కొడవళ్లా?" అన్నాడు కమ్మరి.

"కాదు, కత్తి. ఒక మూర మీద జానెడు. కొంచెం వంపుండాల."

పనివాడు మంచివాడు. ఎనిమిది రోజుల్లో ఇచ్చాడు. అంచు మీద వెంట్రుక పెడితే తెగింది. ఒర మాత్రం నేనే చేశాను. లావు వెదురును రెండు బద్దలుగా చీల్చి, లోపల తొలిచి, జిగురు పెట్టి అంటించి, పై నుంచి కింది దాకా వలదారం బిగించి చుట్టాను. పని చాలా శుభ్రంగా వచ్చింది. అప్పట్లో అది చూసుకుని నేనెంత మురిసిపోయానో తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

తిరునాళ్లకు రెండు రోజుల ముందు మామ, అత్త మనుబోలు వెళ్లారు. మామతో పటాలంలో పనిచేసిన దావీదు కూతురి పెళ్లి. తిరునాళ్లలో ఉండకుండా తప్పించుకోవడానికే వెళ్తున్నాడని నేను కుర్రాళ్లతో అన్నాను. బస్సు ఎక్కబోయే ముందు మామ రమణయ్య ఎడమచెయ్యి పట్టుకుని, వేళ్లు ఒక్కొక్కటే విప్పి చూసి, "వచ్చినాక మళ్లీ కోడిపిల్ల," అన్నాడు. అప్పటికి వాడి చేతిలో కోడిపిల్ల మూడుసార్లకు ఒకసారే అరుస్తోంది.

ఆ సాయంత్రమే తమ్ముణ్ని తోపులోకి తీసుకుపోయి గోనెపట్టాలోంచి కత్తి తీసి చూపించాను. వాడు దాన్ని ముట్టుకోలేదు. చేతులు పంచెకు తుడుచుకుని చూస్తూ నిలబడ్డాడు.

"మామ చూసినాడా?"

"చూసినాడు."

"ఏమన్నాడు?"

ఒక్క క్షణం ఆగాను. ఆ క్షణం నాకు బాగా గుర్తుంది. అప్పుడైనా నిజం చెప్పి ఉండొచ్చు.

"నీకైతే ఇయ్యొచ్చన్నాడు. తిరునాళ్లలో తియ్యమన్నాడు."

"కోడిపిల్ల ఇంకా అరస్తా ఉండాది గదన్నా."

"బస్సు కాడ కోడిపిల్ల మాట ఊరికే అన్నాడులే. నీ చెయ్యి కుదిరిందన్నాడు. నీ మొహానే చెప్తే పొంగిపోతావని నాతో చెప్పినాడు."

వాడి ముఖం వికసించింది. కత్తి చూసి కాదు, మామ ఆ మాట అన్నాడని. వాడు తల వంచుకుని చాలాసేపు తనలో తాను నవ్వుకున్నాడు. తర్వాత రెండు చేతులతో కత్తిని అందుకుని, మామ నేర్పినట్టు నుదుటికి ఆనించుకున్నాడు. రెండు రోజులూ నెమ్మదిగా తీశాడు, నెమ్మదిగా పెట్టాడు. అంతా సవ్యంగానే ఉంది. వడిగా మాత్రం ఒక్కసారీ తీయలేదు, నేనూ తియ్యమనలేదు.

తిరునాళ్ల రోజున పొద్దు ఇంకా రెండు బారలుందనగా మా వంతు వచ్చింది. పక్కపాలెం వాడు అప్పటికే పొట్ట మీది దోసకాయ నరికి చప్పట్లు కొట్టించుకున్నాడు. నేను రమణయ్యకు ఎదురుగా మోకాళ్ల మీద కూచుని, చెయ్యి చాపి, అరచేతిలో దోసకాయను నిలబెట్టి పట్టుకున్నాను. కత్తి నా వేళ్లకు బెత్తెడు పైనుంచి పోవాలి. ఇది నా ఆలోచనే. జనం గోల ఆగిపోయింది. తప్పెట్లు కూడా ఆపేశారు. మా అమ్మ ఆడవాళ్లలో నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది.

అందరి కళ్లూ నా చేతి మీదే ఉన్నాయి. తెగితే నాది తెగుతుందని అందరూ అనుకున్నారు. నేనూ అదే అనుకుని, కనుక నేను ధైర్యవంతుణ్నని అనుకున్నాను.

కత్తి రావడం నాకు కనపడలేదు. దోసకాయ పై సగం ఇసుకలో పడింది. నా అరచేతి మీద గాలి తగిలిందంతే. జనం ఒక్కసారిగా అరిచారు, తప్పెట్లు మొదలయ్యాయి, పెద్దకాపు లేచి నిలబడి చేతులెత్తాడు. రమణయ్య కత్తిని పక్కకు విదిలించి, ఒర వైపు చూడకుండా, మామ నేర్పినట్టే నెమ్మదిగా ఒరలో పెట్టాడు. ఎంత బాగా పెట్టాడో. అంత బాగా వాడు ఎన్నడూ పెట్టలేదు.

నేను లేచాను. వాడు లేవలేదు.

"లెయ్యరా, అయిపోయింది," అన్నాను.

"అన్నా, చెయ్యి రావడం లేదు," అన్నాడు.

అప్పుడు చూశాను. కత్తి తీసిన ఊపులో వాడి ఎడమచెయ్యి తాడును పట్టుకున్నట్టు ఒరను పట్టుకుంది. నేను అంటించిన వెదురు బద్దలు రెండూ విడిపోయి, వాటి మధ్య నుంచి కత్తి అంచు వాడి వేళ్లలోంచి పోయింది. అయినా ఆ చెయ్యి ఒరను వదల్లేదు. కత్తిని మళ్లీ లోపల పెట్టేదాకా పట్టుకునే ఉంది. వలదారమంతా ఎర్రగా నానిపోయింది. మా నాయన నేర్పిన పని వాడు అంత బాగా నేర్చుకున్నాడు.

ముందు కొమ్ము ఆ ఏడు మా పాలెం వాళ్లే ఎత్తారట. మేం చూడలేదు. బండిలో మైపాడు, అక్కడి నుంచి బస్సులో నెల్లూరు పెద్దాసుపత్రికి వాణ్ని తీసుకుపోయాం. కుట్లు వేసి, వేళ్లను లాగే నరాలు నాలుగూ తెగాయని, చెయ్యి ఉంటుంది గానీ మూసుకోదని చెప్పారు. అమ్మ ఆసుపత్రి వరండాలో కూచుని ఒకటే మాట అంటూ ఉంది. "ఎవురు తియ్యమన్నారురా నిన్ను, ఎవురు తియ్యమన్నారు?" రమణయ్య కళ్లు మూసుకుని పడుకున్నాడు. వాడి తల నా ఒళ్లో ఉంది.

అయిదో రోజున కాపులు వల బాగుచేసే చావిడిలో కూచున్నారు. మామ అప్పటికి మనుబోలు నుంచి వచ్చేశాడు. వచ్చీ రాగానే సంగతి విని, మా ఇంటికి వచ్చి, రమణయ్య కట్టు చూసి, ఏమీ అడక్కుండా వెళ్లిపోయాడు. కత్తి చేయించింది నేనని ఎవరో చెప్పి ఉంటారులే, మందలిస్తాడు, పడదాం అనుకున్నాను. అక్కడితో అయిపోతుందనుకున్నాను.

"రమణయ్యా, ఇనప కత్తి తియ్యమని నీకెవురు చెప్పినారు?" అని అడిగాడు పెద్దకాపు.

"మామ ఒప్పుకున్నాడని అన్న చెప్పినాడు," అన్నాడు వాడు. మామ వైపు చూడకుండా అన్నాడు. అయిదు రోజులుగా వాడి మనసులో ఏం పెరిగిందో నాకు అప్పుడు తెలిసింది. చెయ్యి కుదరకుండానే కుదిరిందని చెప్పి మామ తనను జనంలోకి తోశాడని వాడు అనుకుంటున్నాడు.

పెద్దకాపు మామ వైపు తిరిగాడు. "నాతో చూపించేది కాదంటివే పోలయ్యా. మళ్లీ నువ్వే ఎట్టా ఒప్పుకుంటివి?"

మామ నా వైపు చూశాడు. నాకు అంత టైము ఎవరూ ఎన్నడూ ఇవ్వలేదు. చావిడిలో ముప్పై మందిదాకా ఉన్నారు. అమ్మ గుంజకు ఆనుకుని నిలబడి ఉంది. నా ఎదురుగా ఎవరిదో చిరిగిన వల వేలాడుతోంది. నేను దాని కళ్లు లెక్కపెట్టాను.

"అవును పెద్దకాపా," అన్నాడు మామ. "నేనే ఒప్పుకున్నా."

కాపులు దురాయి వేశారు. దురాయి అంటే మా పాలేలలో పెద్దల కట్టు. దాన్ని దాటినవాడికి ఎవరూ నిప్పు కూడా ఇవ్వరు. తాలింఖానా మూసెయ్యాలి. కత్తి సముద్రంలో వెయ్యాలి. పోలయ్య పాలెంలో కాపురం ఉండకూడదు. అమ్మ తన తమ్ముడి ముందుకు వచ్చి, అందరూ వింటుండగా, "నా బిడ్డ చెయ్యి తిన్నావు," అంది. మామ తల వంచుకున్నాడు.

ఆయన తోపులోంచి ఇంటికి పోతుంటే వెనకే పరిగెత్తాను. కాళ్ల మీద పడబోతే భుజం పట్టుకుని ఆపాడు.

"ఎందుకట్టా చెప్పినావు మామా?"

"ఇద్దురూ ఒక తెప్ప మీద పోయేవాళ్లు. ఇప్పుడు వాడికి సగం చెయ్యి. నీ మీద నమ్మకం కూడా పోతే వాడింకెవురితో బతకతాడు?" అన్నాడు. కాసేపు నడిచాక ఆగాడు. "కానీ వాడికి నువ్వు చెప్పాల అబ్బయ్యా. నేను చెప్పేది కాదు. కాస్త తేరుకోనీ, అప్పుడు చెప్పు. నీ నోటితో చెప్పు."

"చెప్తా మామా," అన్నాను.

సోమవారం నాడు ఒక ట్రంకుపెట్టె, ఒక కోళ్లగంప పట్టుకుని మామా అత్తా మనుబోలు వెళ్లిపోయారు. అక్కడ దావీదు ఒక బియ్యం మిల్లులో మామకు కాపలా పని చూశాడు. నేను కత్తిని తెప్ప మీద పెట్టుకుని ఒంటరిగా పోయి నీళ్లలో వదిలాను. ఆ ఎండాకాలం అట్లా ముగిసింది.

రమణయ్య మళ్లీ తెప్ప ఎక్కలేదు. రెండుసార్లు ప్రయత్నించాడు. తాడు వాడి చేతిలోంచి జారిపోయేది. తర్వాత అమ్మతో పాటు చేపల తట్ట నెత్తిన పెట్టుకుని మైపాడు పోవడం మొదలుపెట్టాడు. తట్ట ఎత్తుకోవడం మా వాళ్లలో ఆడవాళ్ల పని. దారిలో మగవాళ్లు ఎదురైతే వాడు తట్ట కింద ముఖం దాచుకునేవాడు. ఒక్కోసారి అరుగు మీద ఊరికే కూచుని ఉన్నప్పుడు వాడి కుడిచెయ్యి దానంతటది ఎడమ నడుము దగ్గరికి పోయేది. నేను చూసి ముఖం తిప్పుకునేవాణ్ని. చెప్తాను, రేపు చెప్తాను అనుకునేవాణ్ని. వాడు తేరుకుంటే చెప్పమన్నాడు గదా మామ, ఇంకా తేరుకోలేదులే అని నాకు నేను చెప్పుకునేవాణ్ని. పెళ్లయింది నాకు. పిల్లలు పుట్టారు. వాడు చేసుకోనన్నాడు.

మరుసటి ఏడు ఎండాకాలంలో మామ ఒకసారి వచ్చాడు. దురాయి ప్రకారం కాపురం ఉండకూడదు గానీ పొద్దుండగా వచ్చిపోవచ్చు. మైపాడులో బస్సు దిగి, ఇసుకలో నడిచి, మిట్టమధ్యాహ్నం మా గడప ముందు నిలబడ్డాడు. చంకలో పొడుగ్గా ఏదో గుడ్డలో చుట్టి పట్టుకున్నాడు.

రమణయ్య లోపల అన్నం తింటున్నాడు. చెయ్యి ఆపకుండా, "లేనని చెప్పమ్మా," అన్నాడు. గడప దాకా వినపడేట్టే అన్నాడు.

నేను తడిక వెనక నిలబడి ఉన్నాను. రెండడుగులు వేస్తే గడప. ఒక్క మాట చెప్తే చాలు. వెయ్యలేదు, చెప్పలేదు.

"సరేలే అక్కా," అన్నాడు మామ బయటి నుంచి. "ఎండ ఎక్కువగా ఉండాది. కాసిని మంచినీళ్లు ఇయ్యి."

అమ్మ చెంబుతో నీళ్లు ఇచ్చింది. ఆయన తాగి, చెంబు అరుగు మీద పెట్టి, ఆ గుడ్డమూట మళ్లీ చంకలో పెట్టుకుని వచ్చిన దారినే వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

అరవై ఎనిమిదిలో ఆయన పోయాడని దావీదు మనిషిని పంపాడు. నేనొక్కణ్నే వెళ్లాను. దినం అయ్యాక అత్త పెట్టె అడుగు నుంచి ఆ గుడ్డమూట తీసి నా చేతికిచ్చింది.

"ఆ పొద్దు మీ ఇంటికి తెచ్చింది ఇదే. తిరిగి తెచ్చి ఇందులో పెట్టినాడు. రమణయ్యకు ఇయ్యి."

విప్పి చూశాను. సరుగుడు కర్రతో చెక్కిన కత్తి, దానికి ఒర. ఒరకు తోలుపట్టీ కుట్టి ఉంది, వెడల్పుగా, రెండు కొక్కాలతో. నడుముకు బిగిస్తే ఒర కదలకుండా దానంతటది నిలబడుతుంది. ఎడమచెయ్యి అవసరం లేదు.

"మిల్లులో కూచోని ఆరు నెలలు చెక్కినాడు," అంది అత్త. "ఎడమచెయ్యి లేకుండా తీసేది ఎట్టాగో ముందు తను నేర్చుకున్నాడు, వాడికి నేర్పాలని. ఒక చెయ్యి ఎనక్కి కట్టేసుకోని."

దారి పొడుగునా బస్సులో అది నా ఒళ్లో ఉంది.

ఇంటికి వచ్చేసరికి రమణయ్య ముంగిట్లో ఎండుచేపలు ఏరుతున్నాడు. మూట వాడి పక్కన పెట్టాను.

"మామ నీకు ఇమ్మన్నాడంట. ఆ రోజు తెచ్చింది ఇదే."

కుడిచేత్తో, పళ్లతో ముడి విప్పాడు. తోలుపట్టీని అటూ ఇటూ తిప్పి చూశాడు. అది ఎందుకో వాడికి వెంటనే అర్థమైంది. నేను కూచోలేకపోయాను. నిలబడే చెప్పాను.

"మామ ఒప్పుకోలేదురా. నేను అడగనే లేదు. ఆ కత్తి ఆయన చూడనే లేదు. నేనే అబద్ధం చెప్పినా. చావిడిలో ఆయన నా కోసం ఒప్పుకున్నాడు."

తిడతాడని, కొడతాడని చూశాను. కొట్టి ఉంటే నాకు బాగుండేది. వాడు లేచి పట్టీ నడుముకు చుట్టుకున్నాడు. కొక్కెం పెట్టుకోవడం కుదరక తిప్పలు పడుతుంటే సాయం చేయబోయాను. వాడు ఒక అడుగు పక్కకు జరిగాడు. తనే పెట్టుకున్నాడు.

ఇసుకలో మోకాళ్ల మీద కూచున్నాడు. ఏడేళ్లయింది గదా, మోకాళ్లు పట్టేసినట్టున్నాయి, కూచోవడానికి చాలాసేపు పట్టింది. ఎడమచెయ్యి తొడ మీద తెరుచుకుని ఉంది. ఆ చెయ్యి ఇంక ఏ కోడిపిల్లనూ అరిపించలేదు. కత్తి తీశాడు. విదిలించాడు. ఒర వైపు చూడకుండా నెమ్మదిగా పెట్టాడు. మూడుసార్లు చేసి, లేచి, కండువాతో ఒర మీది ఇసుక తుడిచి, దాన్ని తీసుకుని ఇంట్లోకి వెళ్లబోతూ గడప దగ్గర ఆగాడు. సరిగ్గా మామ నిలబడిన చోట.

"ఆ పొద్దు ఆయన నీళ్లడిగింది నాకు ఇనపడింది," అన్నాడు నా వైపు చూడకుండా. "ముందే చెప్పుంటే లోపలికి రమ్మనుంటా గదన్నా."